కడిగి ఇచ్చిన బిళ్ల

మా బావ భీమరాజు ఇరవై రెండేళ్లు కొబ్బరి చెట్లెక్కి దింపులు తీశాడు. ఒక్కసారి కూడా పడలేదు. ఆయన ఎక్కిన చెట్లన్నీ ఒకదాని మీద ఒకటి నిలబెడితే చందమామ దాకా వెళ్లి, అక్కడ ఓ పూట పడుకుని, తీరుబడిగా దిగి రావచ్చు. ఇది గాలి లెక్క కాదు. ఓసారి లెక్కపెడదామని కూర్చుని, వేళ్లు చాలక లేచిపోయాను. ఈదురుగాలికి చెట్టు ఇటు ఊగితే ముమ్మిడివరం, అటు ఊగితే యానాం కనిపించేవి. రెండు ఊళ్లలోనూ ఎవరింట్లో ఏం కూరో పైనుంచే చెప్పేవాడు. చేపల పులుసు ఉన్న ఇంటివైపు చెట్టు కాస్త ఎక్కువసేపు ఊగేది కూడాను.

అలాంటి మనిషి చదునైన సిమెంటు గచ్చు మీద పడ్డాడు. పరిగెడుతూ కాదు, జారి కాదు. ఊరికే నిలబడి ఉండగా పడ్డాడు.

దానికి కారణం నేను.

మా చెల్లెలు పార్వతికి పెళ్లైన రోజు నుంచీ ఒకటే భయం. మొగుడు చెట్టెక్కాడని తెలిస్తే దిగాడని తెలిసేదాకా మంచినీళ్లు కూడా తాగేది కాదు. ఓరోజు నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"అన్నయ్యా, ఈయన్ని ఆ చెట్ల మీంచి దింపెయ్యవా? నేల మీద పనేదైనా చూడు, నీకు పుణ్యం ఉంటది."

"నేల మీద పనంటే మా ప్లాంటేనే," అన్నాను. "ఎక్కేది లేదు, దిగేది లేదు. పైన రేకులు, కింద గచ్చు. పడదామన్నా పడలేడు మీ ఆయన."

నేనన్న మాటల్లో ఇంత చక్కగా తప్పిన మాట ఇంకోటి లేదు.

మా ప్లాంటు ముమ్మిడివరం రోడ్డు మీద ఉంది. మిల్లుల్లో కొబ్బరినూనె తీసేశాక మిగిలే చెక్క మాకు లారీల్లో వస్తుంది. మిల్లువాడు ఎంత పిండినా చెక్కలో ఇంకా కాస్త నూనె నక్కి కూర్చునే ఉంటుంది. దాన్ని బయటికి రప్పించడానికి చెక్కని సాల్వెంటులో నానబెడతారు. సాల్వెంటు చూడ్డానికి మంచినీళ్లలా ఉంటుంది, వాసన పెట్రోలుకి మేనత్త కూతురిలా ఉంటుంది. నూనెని బయటికి లాగి, తను ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని గొట్టాల్లో చల్లార్చి మళ్లీ పట్టుకుంటారు. పట్టుకునేవాళ్లకి దొరక్కుండా తప్పించుకున్నది మా ముక్కుల్లోకి వస్తుంది. మా ప్లాంటు మీదుగా ఎగిరే కాకులు తిన్నగా వచ్చి, మా రేకుల మీద కాస్త ఒంకర తిరిగి, ఎందుకొచ్చామో మర్చిపోయి వెనక్కి పోతాయి. నేను చూశాను.

సాల్వెంటు డ్రమ్ముల మీద ఓ బొమ్మ ఉంటుంది. మనిషి బొమ్మ, ఛాతీ మీద నక్షత్రం పేలినట్టు తెల్లటి గుర్తు. కొత్తగా చేరినవాళ్లు అదేంటని అడిగితే, దీని దగ్గర పనిచేస్తే గుండెలో వెలుగు పుడుతుందని అర్థం అని నేనే చెప్పేవాణ్ణి. మా బావకీ అదే చెప్పాను. ఆయన బొమ్మకి దండం పెట్టుకుని పనిలో దిగాడు.

మేం చేసే పని ఎక్స్‌ట్రాక్టర్ అనే పెద్ద పెట్టె చుట్టూ ఉంటుంది. అందులో చెక్క ఇరుక్కుంటే తీయాలి, గొట్టాలు కారితే బిగించాలి, కింద పంపుల గుంటలోకి దిగి మడ్డి ఎత్తాలి. ఆ మడ్డి చేతికంటితే సబ్బుకి లొంగదు. సబ్బు ఉంటే కదా లొంగడానికి. గుంట పక్కనే సాల్వెంటు గొట్టానికి చిన్న కుళాయి ఉంది. తిప్పి చేతులు పెడితే చాలు, మడ్డి అంతా జారిపోయి పెళ్లికొడుకు చేతులవుతాయి. చేతులు దాంతోనే, కాళ్లు దాంతోనే, చొక్కా మీద మరకలూ దాంతోనే. మా బావకి చిన్నప్పట్నుంచీ శుభ్రం పిచ్చి. మేం రెండుసార్లు కడుక్కుంటే ఆయన పదిసార్లు. అన్నం క్యారేజీ మూత తీసేముందు ఇంకోసారి.

ఎనిమిది నెలలు బాగానే గడిచింది. పార్వతి వేళకి మంచినీళ్లు తాగుతోంది.

ఆ తర్వాత చెప్పులు పోవడం మొదలైంది. మా బావ రెండు చెప్పులతో పనికి బయల్దేరి ఒక చెప్పుతో వచ్చేవాడు. దారిలో ఎక్కడో జారిపోయేది, ఆయనకి తెలిసేది కాదు. ఓ వారం కుడిది, ఓ వారం ఎడమది. ఆ వేసవిలో మా ఊరి నుంచి ముమ్మిడివరం దాకా రోడ్డు పక్కన పడున్న ఒంటిచెప్పులన్నీ మా బావవే. ఒకటి కాలవలో కొట్టుకుపోయి అంతర్వేది దాటి సముద్రంలో కలిసిందని, దాన్నొక ఎండ్రకాయ అద్దెకి తీసుకుందని నేను టీకొట్టులో చెబితే అందరూ నవ్వారు. మా బావ కూడా నవ్వాడు. ఇంటికొచ్చేటప్పుడు మాత్రం మెల్లగా అన్నాడు.

"బావా, నవ్వులాట కాదు గానీ, ఈ కాళ్లు నావి కానట్టున్నాయి. దూది మీద నడుత్తున్నట్టుంది. వేళ్ల చివర చీమలు పాకుతున్నట్టుంటాది, చూత్తే చీమ ఉండదు."

మర్నాడే గచ్చు మీద పడ్డాడు. చేతిలో పానా, నోట్లో మాట, రెండూ అలాగే ఉన్నాయి. మనిషి కింద ఉన్నాడు.

మా ఊళ్లో సూదులేసే డాక్టరు గారు షుగరు చూశారు, లేదు. బలానికి పది సూదులు పొడిచారు. పొడిచిన చోటే తెలియలేదు మా బావకి. అప్పుడు డాక్టరు గారు బాగా ఆలోచించి, "ఇరవయ్యేళ్లు చెట్లెక్కేవు కదయ్యా, నరాలు సాగిపోయినాయి," అన్నారు.

"చూసేవా అన్నయ్యా," అంది పార్వతి కళ్లొత్తుకుంటూ. "ఇంకో రెండేళ్లు ముందే దింపెయ్యాల్సింది. నువ్వు ప్లాంటులో పెట్టించేవు కాబట్టి ఈమాత్రమైనా మిగిలేడు."

నేను ఆ పొగడ్త పుచ్చుకున్నాను. కాళ్ల చీమలు పోవాలని మా బావ రోజూ పదిసార్లు కడుక్కునేవాడు పన్నెండుసార్లు కడగడం మొదలెట్టాడు. మంచం పట్టేస్తాడేమోనని పార్వతి భయం ఇప్పుడు చెట్టంత ఎత్తుకి పెరిగింది. చెట్టైతే దిగమని చెప్పొచ్చు. మంచం మీంచి దిగమని ఎవరికి చెబుతుంది?

ఇలా ఉండగా మా మేనేజరు నాగేంద్రబాబు గారికి పైనుంచి ఓ కాగితం వచ్చింది. ప్లాంటులో పనివాళ్లు పీల్చే గాలిలో సాల్వెంటు ఎంత ఉందో కొలిపించి రిపోర్టు పెట్టాలట. నాగేంద్రబాబు గారు మంచి మాటకారి. తిట్టినా అండీ అనే తిడతారు. కాగితం చదివి మమ్మల్నందరినీ పిలిచారు.

"బుధవారం కొలిచేవాళ్లు వత్తన్నారయ్యా. ఇంటికి చుట్టాలొత్తే ఏం చేత్తాం మనం? ఊడుత్తాం, కడుగుతాం, ముగ్గేత్తాం. ఆయ్, అదే చెయ్యండి."

అదే చేశాం. మంగళవారం మధ్యాహ్నానికే ఎక్స్‌ట్రాక్టర్ ఆపేశారు. అన్ని తలుపులూ బార్లా తీశారు. గోడౌనులో బూజుపట్టి ఉన్న రెండు పెద్ద ఫేన్లు తెచ్చి తిప్పారు. ఆ గాలికి పక్క చేలో వరినాట్లు పడమటికి పడుకున్నాయి. ఆఫీసులో అగరొత్తులు వెలిగిస్తే ఇటుపక్కకి తేవద్దని నేనే అడ్డం పడ్డాను; సాల్వెంటు ఉన్నచోట నిప్పంటే ప్లాంటుతోపాటు మేమూ చందమామ దాకా వెళ్తాం. బుధవారం పొద్దుటికి మా ప్లాంటు గాలి అప్పనపల్లి గుడి దగ్గర గోదారిగాలిలా ఉంది. ఒంకర తిరిగే కాకులు కూడా తిన్నగా పోయాయి.

ఎనిమిదింటికి వైజాగ్ నుంచి ఓ అమ్మాయి వచ్చింది. పేరు సత్యశ్రీ. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో పెట్టె, అందులో చిన్న చిన్న రేకు డబ్బాలు. ఒక్కో డబ్బాలో ఒక్కో బిళ్ల. రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దది, తెల్లటి ముఖం, వెనక పిన్ను. మా ఐదుగురి చొక్కాలకీ కాలరు దగ్గర తనే తగిలించింది. మా బావది నాలుగో నంబరు.

"మీరు పీల్చే గాలినే ఇదీ పీలుస్తుందండి," అంది. "సాయంత్రం నాలుగు దాకా తీయకండి. తర్వాత లేబులో చూస్తే మీ ముక్కులోకి ఎంత వెళ్లిందో లెక్క తెలుస్తుంది. యాభై దాటకూడదు. మామూలుగా రోజూ చేసే పనే చెయ్యండి."

"ఆయ్, రోజూ ఇంతేనండి," అన్నారు నాగేంద్రబాబు గారు, మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి.

మా బావ మాత్రం ఆ బిళ్ల తగిలించుకున్న దగ్గర్నుంచి పెళ్లిపందిట్లో పెద్దమనిషిలా బిగుసుకుపోయాడు. ఇరవై రెండేళ్లు మొలకి కత్తి కట్టుకున్నాడు గానీ, గుండెకి ఎవరూ ఏదీ తగిలించలేదు. మధ్యాహ్నం చెక్క బస్తాలు పక్కకి జరపమంటే జరిపాడు. ఓ మసి మరక వచ్చి బిళ్ల మీద పడింది. అది చూసుకుని ఆయన ముఖం వాడిపోయింది.

మా ఊళ్లలో ఓ పద్ధతుంది. పక్కింటివాళ్లు గిన్నెతో కూర పంపితే, ఆ గిన్నెని ఎంగిలిగా ఇవ్వం, ఖాళీగా అసలే ఇవ్వం. తళతళా తోమి, అందులో మనింట్లోది ఏదైనా, కనీసం చిటికెడు పంచదారైనా వేసి ఇస్తాం. మా బావ ఈ పద్ధతిలో మరీ ఘనుడు. అద్దెకి తెచ్చిన నిచ్చెనని కూడా కడిగి, మెట్టుకో కొబ్బరికాయ కట్టి తిరిగిచ్చిన మనిషి.

నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా ఆయన గుంట దగ్గరికి వెళ్లాడు. బిళ్ల తీశాడు. కుళాయి తిప్పాడు. ముందూ వెనకా బాగా రుద్ది కడిగాడు. తువ్వాలుతో తుడిచి డబ్బాలో పెట్టాడు. క్యారేజీలో మిగిలిన రెండు కొబ్బరి లౌజు ఉండలు కాగితంలో చుట్టి బిళ్ల పక్కనే పెట్టి మూతేశాడు. అప్పుడు నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. నాది కూడా కడుక్కుంటే బాగుండుననిపించింది.

డబ్బా తీసుకుని సత్యశ్రీ ఊపి చూసింది. మూత తీసింది.

"ఇదేంటండీ?"

"లౌజండి," అన్నాడు మా బావ సిగ్గుపడుతూ. "మా ఇంటావిడ చేసింది. ఉత్తి డబ్బా ఎలా ఇత్తామండి అమ్మాయిగారూ?"

ఆ అమ్మాయి నవ్వి, ఒక ఉండ అక్కడే తినేసింది. బిళ్లల్ని వేరే సంచుల్లో పెట్టి, అంటించి, బస్సెక్కి వెళ్లిపోయింది.

పదకొండో రోజున నాగేంద్రబాబు గారు ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చారు. ఆయన పరిగెత్తడం అదే మొదలు. తిన్నగా మా బావ దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని నాడి చూశారు.

"బాగానే ఉన్నావా భీమరాజూ?"

"ఆయ్, మీ దయ వల్ల."

"ఇప్పుడే ఫోనొచ్చింది. నాలుగో బిళ్ల మనిషి బతికున్నాడా అని అడుగుతున్నారు."

మిగతా నాలుగు బిళ్లల్లో ఏమీ లేదట. వైజాగ్ బీచిలో తిరిగి వచ్చిన బిళ్లల్లా ఉన్నాయట. మా బావ బిళ్ల చూసేసరికి లేబులో యంత్రం లెక్కపెట్టి లెక్కపెట్టి, దండం పెట్టి ఊరుకుందట. ఆ లెక్క ప్రకారం బుధవారం ఎనిమిదీ పదికల్లా మా బావ పోవాలి. మిగతా ఏడు గంటల యాభై నిమిషాలూ ఆ బస్తాలు జరిపిందీ, లౌజు పెట్టిందీ శవమే అనుకోవాలి. అందుకని ఆ అమ్మాయి శుక్రవారం తనే వచ్చి విచారిస్తానందట.

"ఏం చేసేవయ్యా దాన్ని?" అన్నారు నాగేంద్రబాబు గారు.

"మరకైతే కడిగేనండి."

"దేంతో?"

"సాల్వెంటుతోనండి."

నాగేంద్రబాబు గారి ముఖం మీద దీపాలు వెలిగాయి. "అదీ సంగతి! కడిగితే ఆ లెక్క చెల్లదు. శుక్రవారం ఆ అమ్మాయికి ఇదే మాట చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. మనిషన్నాక నిజమే చెప్పాలి భీమరాజూ. సత్యం కంటే గొప్పదేముంది?"

పదిహేనేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాను. ఆయన నోట సత్యం అన్న మాట వినడం అదే మొదలు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు నేను కూర్చుని ఆలోచించాను. ఆ అమ్మాయి బిళ్లలు తగిలిస్తూ ఓ మాటంది: ఈ సాల్వెంటు ఎక్కువ రోజులు ఒంట్లోకి వెళ్తే నరాలు దెబ్బతింటాయి, ముందు కాళ్లూ చేతుల వేళ్లు తిమ్మిరెక్కుతాయి అని. అప్పుడు కుర్చీలో కూర్చున్న సుఖానికి నాకు సరిగ్గా వినపడలేదు. ఇప్పుడు ఒంటిచెప్పులన్నీ వరసగా కళ్ల ముందు నడిచాయి. చెట్లు కాదు, ఈ గుంటే మా బావ కాళ్లు తింటోంది. అందులోకి ఆయన్ని చెయ్యి పట్టుకుని దింపినవాణ్ణి నేను.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. పార్వతి మా బావ అరికాళ్లకి కొబ్బరినూనె రాస్తోంది. ఆయనకి తెలియడం లేదు గానీ, తెలుస్తున్నట్టు తలాడిస్తున్నాడు.

"బావా, కడిగేనని చెప్పకు," అన్నాను. "రోజంతా గుంటలోనే ఉన్నానని చెప్పు. ఆ పెద్ద లెక్క ఉంటేనే వాళ్లకి భయం. అది కొట్టేత్తే మిగతా నాలుగు బిళ్లలూ చూపించి గాలి బ్రహ్మాండంగా ఉందంటారు. నీ కాళ్లు పోతాయి."

"అబద్ధం చెప్పమంటావేటి బావా? కళ్లు పోతాయి."

"కళ్లు పోతాయని కాళ్లు పోగొట్టుకుంటావా? ఏం పోవులే, నేను పుట్టినకాడ్నుంచీ చెబుతున్నాను, నా కళ్లు బానే ఉన్నాయి కదా!"

"నీకు అలవాటున్న పని, అన్నయ్యా," అంది పార్వతి. "ఈయనకి చేతకాదు. అబద్ధం చెబితే చెవులు ఎర్రబడిపోతాయి, దొరికిపోతారు."

"అది కాదే," అన్నాడు మా బావ. "ఆ పిల్ల నన్ను అండీ అని పిలిచింది. అలా పిలిచిన మనిషికి అబద్ధం ఎలా చెప్పను?"

"ఇది కోనసీమ, బావా. ఇక్కడ గేదెని కూడా అండీ అనే అదిలిస్తారు!"

"గేదెకి నేను అబద్ధం చెప్పానా ఎప్పుడైనా?"

పార్వతి నూనె గిన్నె పక్కన పెట్టి, "నిజం చెబితే కాళ్లు పోతాయా అన్నయ్యా?" అని అడిగింది. మాటలు దొరక్క నేను ఇంటికి వెళ్లిన రోజు అదొక్కటే.

శుక్రవారం ఆఫీసులో బల్లకి అటు సత్యశ్రీ, ఇటు నాగేంద్రబాబు గారు. కాఫీలు, జీడిపప్పు పకోడీలు. మా బావకి తోడుగా నన్నూ రానిచ్చారు. ఆయన గుమ్మంలోకి రాగానే ఆ అమ్మాయి లేచి నిలబడింది. కిందకి చూసింది.

"రెండో చెప్పేదండీ?"

మా బావ కూడా కిందకి చూసుకున్నాడు. "అయ్యో! ఇందాక ఉందండి."

"చెప్పులదేముందండి, వత్తాయి పోతాయి," అన్నారు నాగేంద్రబాబు గారు. "అసలు సంగతి చెప్పవయ్యా, ఏం భయం లేదు. నిజం చెప్పు."

నేను వెనకనుంచి మా బావ చొక్కా లాగాను. చెవులు అప్పటికే ఎర్రగా ఉన్నాయి.

"బిళ్ల మీద మరక పడిందండి," అన్నాడు. "మాసిన వస్తువు తిరిగి ఎలా ఇత్తామని కడిగేనండి. సాల్వెంటుతోనండి. తప్పైతే మన్నించండి."

"చూసేరా!" అని బల్ల మీద చరిచారు నాగేంద్రబాబు గారు. పకోడీలు ఎగిరి మళ్లీ అదే పళ్లెంలో పడ్డాయి.

సత్యశ్రీ నిట్టూర్చింది. "అయితే ఈ లెక్క పనికిరాదండి. కొట్టేయాలి." నాలుగో నంబరు మీద గీత పెట్టింది. కలం మూసేసింది.

మూసిన ఆ చప్పుడు నాకు మా బావ కాళ్ల మీద తలుపు మూసినట్టు వినిపించింది. నాగేంద్రబాబు గారు పకోడీల పళ్లెం ఆ అమ్మాయివైపు జరిపారు. తను ఒకటి తీసుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ఏమీ అనుకోకండి, నీళ్లతో కడగొచ్చు కదండీ? దాంతో ఎందుకు కడిగారు?"

"నీళ్లకి పోదండి," అన్నాడు మా బావ, తెలియనివాళ్లకి దారి చెప్పినట్టు ఓపిగ్గా. "మేమంతా రోజూ చేతులు కడుక్కునేది దాంతోనే కదండీ. కాళ్లు కూడానండి. గుంట పక్కన కుళాయుంది, ఎంత బాగా పోద్దో. అన్నానికి ముందోసారి, తర్వాతోసారి. నేనైతే పన్నెండుసార్లండి. శుభ్రం కదా. మీ వస్తువని ఇంకో రెండుసార్లు ఎక్కువే కడిగేను."

సత్యశ్రీ పకోడీ పళ్లెంలో పెట్టేసింది. కలం తెరిచింది.

"ఎన్నాళ్లనుంచి?"

"భీమరాజూ, ఇంక నువ్వెళ్లి పని చూసుకో," అన్నారు నాగేంద్రబాబు గారు.

"ఉండనివ్వండి, మీరే కదా నిజం చెప్పమన్నారు," అంది ఆ అమ్మాయి. "బిళ్ల గాలి లెక్కే చెబుతుందండి. చర్మంలోంచి లోపలికి వెళ్లేది దానికి తెలీదు. ఈ సంగతి మా యంత్రాలేవీ చెప్పలేవు."

మా బావని కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. తను డాక్టర్ని కాదని, ఊరికే చూస్తున్నానని చెప్పి, కలం మూతతో ఆయన కుడికాలి చిటికెన వేలు తాకింది.

"ఏ వేలు ముట్టుకున్నానండీ?"

మా బావ చాలాసేపు ఆలోచించాడు. ఎదుటి మనిషిని నొప్పించడం ఆయనకి ఇష్టం ఉండదు.

"మీరు ఏదంటే అదేనండి," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నేను ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "నన్ను చూడండి, పదిహేనేళ్లైంది, ఉక్కులా ఉన్నాను," అని చెప్పులు విప్పి, రెండు కాళ్లూ చాపి, కళ్లు గట్టిగా మూసుకున్నాను. నా ఒంట్లో చీమ నడిస్తే అది ఆడదో మగదో చెప్పగలనని ఎన్నిసార్లు పందెం కాశానో.

"బొటనవేలు!" అన్నాను ధీమాగా.

"నేనింకా ముట్టుకోలేదండి," అంది సత్యశ్రీ.

కాసేపాగి, "ఇప్పుడు ముట్టుకున్నాను," అంది. కళ్లు తెరిచి చూస్తే కలం మూత నా చిటికెన వేలి మీద ఉంది.

ఆ తర్వాత పనులు వాటంతటవే జరిగాయి. కుళాయి ఊడపీకారు. ఇంకోసారి చెప్పకుండా వచ్చి, ఎక్స్‌ట్రాక్టర్ నిండా నడుస్తుండగా బిళ్లలు పెట్టి చూస్తే యాభై ఎక్కడో కింద కాళ్ల దగ్గర ఉండిపోయింది. కారే గొట్టాలు మార్చారు, గుంటలో గాలి లాగే యంత్రం పెట్టారు. పదిమందికి ఒక సబ్బు ఇచ్చి, ఎవరూ పట్టుకుపోకుండా దానికి తాడు కట్టారు. నన్ను గేటు దగ్గర లారీలు చూసుకునే పనికి మార్చారు. నాగేంద్రబాబు గారు జరిగినదాంట్లోంచి నేర్చుకోవాల్సింది నేర్చుకుని, గుంట పక్కన పెద్ద అక్షరాలతో బోర్డు రాయించారు. దాని మీద ఏముందంటే: బిళ్లలు కడగరాదు.

మా బావ పని మానేశాడు. కాకినాడలో నరాల డాక్టరు గారు కాళ్లకి తీగలు పెట్టి చూసి, సాల్వెంటు వల్లే అని తేల్చారు. మానేశాక కూడా రెండు మూడు నెలలు ముదురుతుంది, తర్వాత మెల్లగా తిరగబడుతుంది, ఎంతవరకు వస్తుందో చెప్పలేమన్నారు. ఆయనన్నట్టే ముదిరింది. మా బావ కర్ర పట్టుకున్నాడు. ప్లాంటులో ఉన్నన్నాళ్లూ నడిచేడు, మానేశాకే మూలపడ్డాడు, మళ్లీ చేర్పించండని ఊళ్లో సలహాలిచ్చారు. పార్వతి వాళ్లకి నా కోతల భాషలోనే జవాబు చెప్పింది. నాతో మాత్రం నాలుగు నెలలు మాట్లాడలేదు. గిన్నెతో కూర పంపేది, అది కడిగి పంపేవాణ్ణి, అందులో పంచదార వేసేవాణ్ణి. మా మాటలన్నీ ఆ గిన్నెలోనే.

మాఘమాసంలో ఓ పొద్దున ముగ్గురం అప్పనపల్లి బయల్దేరాం. మా బావ కర్ర ఇంట్లో వదిలేసి, కొత్త చెప్పులు తొడుక్కున్నాడు. బస్సు దిగి నడుస్తుంటే సగం దారిలో ఆగిపోయాడు.

"బావా!" అని అరిచాడు. ఆ అరుపుకి ముందు పోతున్న ఆటో ఆగింది. "చెప్పు కరుత్తుంది బావా!"

"ఏదీ?" అని పార్వతి అక్కడే రోడ్డు మీద కూర్చుంది. ఎడమకాలి మడమ మీద చర్మం లేచి ఎర్రగా ఉంది. తను దాని మీద వేలు పెట్టగానే మా బావ "అబ్బా" అన్నాడు. తను మళ్లీ పెట్టింది. ఆయన మళ్లీ అన్నాడు. నాలుగోసారికి ఇద్దరూ ఏడుస్తున్నారు.

"కుడిదో?" అన్నాను.

"అదింకా ఏం మాటాడ్డం లేదు. మెల్లగా మాటాడుద్దిలే."

"చెప్పు విప్పి చేత్తో పట్టుకోండి, పుండవుద్ది," అంది పార్వతి.

వినలేదు. ఆ కరిచే చెప్పుతోనే, అడుగడుక్కీ అబ్బా అబ్బా అంటూ, ముఖమంతా నవ్వుతో గుడి దాకా కుంటాడు. గుమ్మం దగ్గర అందరూ చెప్పులు విడుస్తున్నారు. ఆయన విడిచాడు గానీ లోపలికి కదల్లేదు. ఆ జత ముందు గొంతుక్కూర్చున్నాడు.

"రారా బావా, దర్శనానికి వేళవుతుంది."

"మీరెళ్లి రండి," అన్నాడు ఎడమ చెప్పు మీద చెయ్యి వేసి. "ఎన్ని పోగొట్టుకున్నానో నీకు తెలుసు కదా. ఇదొక్కటీ పోనివ్వను."